బీరువా తాళానికి వేసవి సెలవులు

ఏప్రిల్ చివరి వారానికి బళ్లు మూసేస్తారు. ఆ మర్నాటి నుంచి చిన్న పట్టణాల్లో తల్లుల ముందుండే ప్రశ్న ఒక్కటే: మధ్యాహ్నం భోజనాల దాకా పిల్లల్ని ఎక్కడ ఉంచడం? అమ్మమ్మగారి ఊరు వారం పది రోజులకు మించి సాగదు. చెరువుకు పంపాలంటే భయం. కరాటేకో, కంప్యూటర్ క్లాసుకో పంపాలంటే ఫీజు. ఇక మిగిలేది మునిసిపల్ ఆఫీసు వెనకనో, పాత బస్టాండు పక్కనో ఉన్న శాఖా గ్రంథాలయం. దాని గేటుకు కట్టిన ఫ్లెక్సీ మీద ‘వేసవి విజ్ఞాన శిబిరం’ అని ఉంటుంది. కింద అంతకంటే పెద్ద అక్షరాల్లో ‘ఉచితం’ అని ఉంటుంది. తల్లులు ముందు చదివేది ఆ రెండో మాటే.

ఆంధ్రప్రదేశ్‌లో గ్రంథాలయాలు ఈ శిబిరాలను దాదాపు నలభై రోజులపాటు, జూన్‌లో బళ్లు తెరిచే దాకా నడుపుతుంటాయి. కోస్తాలోని ఒక చిన్న మునిసిపాలిటీలో కిందటి వేసవి శిబిరం కూడా ఇలాగే మొదలైంది. మొదటి రోజు కుర్చీలు చాలలేదు. పిల్లలు నేల మీద పరిచిన పట్టాల మీద సర్దుకున్నారు. రిటైరైన తెలుగు మాస్టారు ఒకరు కథలు చెప్పడానికి, డిగ్రీ చదివే అమ్మాయి ఒకరు బొమ్మలు వేయించడానికి ముందుకొచ్చారు. ఇద్దరికీ పారితోషికమంటూ ఏమీ లేదు. మజ్జిగ మాత్రం రోజూ ఎదురింటి నుంచి వచ్చేది. స్పోకెన్ ఇంగ్లిష్ ఉందని తెలిసి తల్లిదండ్రులు సంతోషించారు. క్యారమ్ బోర్డు ఉందని తెలిసి పిల్లలు సంతోషించారు. పుస్తకాలున్నాయని తెలిసి ఎవరూ పెద్దగా సంతోషించినట్టు కనబడలేదు.

వాళ్ల రాక ఇష్టం లేనివాళ్లూ ఉన్నారు. చిన్న పట్టణపు పఠన మందిరం ఇప్పుడు ప్రధానంగా పోటీ పరీక్షల కుర్రాళ్లది. గ్రూప్స్, డీఎస్సీ, పోలీసు ఉద్యోగాలకు తయారయ్యేవాళ్లు గది అద్దె భరించలేక ఫ్యాను కింద జాగా కోసం తలుపు తీయకముందే వచ్చి నిలబడతారు. వాళ్ల చేతుల్లోనివి సొంత పుస్తకాలే. గ్రంథాలయం నుంచి వాళ్లకు కావలసింది బల్ల, దీపం, నిశ్శబ్దం. ఇక ఉదయం పేపరు కోసం వచ్చే పెద్దమనుషులు సరేసరి. ‘‘ఈ గోలలో హెడ్‌లైన్లు కూడా బుర్రకెక్కడం లేదు’’ అని వాళ్లలో ఒకాయన విసుక్కున్నాడు. చివరికి పేపర్లను వరండాలోకి మార్చారు. ఎవరి బాధ వాళ్లకు న్యాయమే. ఒకటే హాలు, రెండు ఫ్యాన్లు, మూడు తరాలు.

శిబిరం మొదలైన అయిదో రోజున కొత్త పుస్తకాలొచ్చాయి. గ్రంథాలయాలకు కొత్త పుస్తకాల రాక మన వానల్లాంటిది. ఏళ్ల తరబడి రావు, వస్తే పెట్టెలు పెట్టెలుగా వస్తాయి. వచ్చిన పుస్తకం వెంటనే చదివేవాడి చేతికి అందదు. బిల్లుతో సరిచూడాలి. ముద్ర వేయాలి. మొదటి పేజీలోనే కాకుండా లోపల ఎక్కడో సిబ్బందికి మాత్రమే తెలిసిన పేజీలో కూడా వేయాలి. రిజిస్టరులో వరస సంఖ్య ఎక్కించాలి. డ్యూయీ పద్ధతిలో వర్గ సంఖ్య రాయాలి (ఆ లెక్కల్లో తెలుగు సాహిత్యమంతా 894.827లో ఇమిడిపోతుంది). చివరి అట్ట లోపల గడువు తేదీల చీటీ అంటించాలి. ఇన్‌చార్జి లైబ్రేరియన్ ఒక్కరే, ఆవిడకు పక్క ఊరి గ్రంథాలయం బాధ్యత కూడా ఉంది. ఈసారి చీటీలు అంటించే పని పిల్లలు తీసుకున్నారు. జిగురు పుస్తకాల కన్నా చేతులకే ఎక్కువ అంటింది కానీ, శిబిరంలో వాళ్లు అన్నిటికన్నా ఇష్టంగా చేసిన పని అదే. కొత్త పుస్తకం వాసన చూడని పిల్లవాడు లేడు.

పెట్టెల్లో ఏమున్నాయి? నేషనల్ బుక్ ట్రస్ట్ వారి నెహ్రూ బాల పుస్తకాలయం బొమ్మల పుస్తకాలు, సికింద్రాబాద్ మంచి పుస్తకం వారి పల్చటి కథల పుస్తకాలు, ముళ్లపూడి ‘బుడుగు’, జపాన్ రచయిత్రి తెత్సుకో కురొయనాగి ‘టొట్టోచాన్’కు తెలుగు అనువాదం ‘రైలుబడి’. మిగిలినవి ఎవరు ఎందుకు ఎంపిక చేశారో అంతుబట్టని వ్యక్తిత్వ వికాస గ్రంథాలు. వీటన్నిటికీ పోటీ బైండు చేసిన పాత చందమామలు. 1947లో మొదలైన ఆ పత్రిక ఆగిపోయి పదేళ్లు దాటినా, ఆ బైండుల కోసం జరిగినంత పేచీ దేనికోసమూ జరగలేదు.

కొత్త పుస్తకాలన్నీ నంబర్లు వేసుకుని, గాజు తలుపుల బీరువాలోకి చేరాయి. తాళం పడింది. శిబిరం వేళల్లో తీస్తారు, పదకొండున్నరకు లెక్కపెట్టి మళ్లీ వేస్తారు. చదువుకోవచ్చు, ఇంటికి మాత్రం ఇవ్వరు.

ఇందులో ఆవిడ పిసినారితనమేమీ లేదు. ఇంటికి పుస్తకం కావాలంటే సభ్యత్వం ఉండాలి. దానికి డిపాజిట్, చిరునామా రుజువు, పెద్దల సంతకం కావాలి. తాపీ పనికో, హోటల్ పనికో తెల్లవారుజామునే వెళ్లే నాన్న ఆ కాగితాలతో ఆఫీసు వేళకు రావడం జరిగే పని కాదు. అసలు భయం మరోటుంది. పుస్తకం పోతే అడిగేది లైబ్రేరియన్‌నే. చదవకుండా పడున్న పుస్తకాన్ని గురించి ఆవిడను ఎవరూ అడగరు. చెదలు తింటే అది ప్రకృతి వైపరీత్యం, పిల్లవాడు పోగొడితే నిర్లక్ష్యం. ఈ లెక్కలో ఏ ఉద్యోగి అయినా తాళాన్నే ఎంచుకుంటాడు.

‘‘బీరువాలో ఉంటే పోవు కదమ్మా, నిజమే. కానీ ఉన్నట్టు మాత్రం ఎలా అవుతుంది?’’ అని మాస్టారు ఒకసారి అన్నారు.

‘‘రేపు ఆడిట్‌లో అడిగితే నేనేం చెప్పను మాస్టారూ?’’ అంది ఆవిడ.

చెప్పడానికి ఉంది. కేంద్ర ప్రభుత్వ ఆర్థిక నిబంధనలు 2005లో, ఆపైన 2017లో కూడా ఈ విషయంలో ఉదారంగానే ఉన్నాయి. ఏడాదిలో చదువరులకు ఇచ్చిన, చూపిన ప్రతి వెయ్యి పుస్తకాలకు అయిదు పోతే అది సహజ నష్టమే. అందులో మోసం, నిర్లక్ష్యం ఉండకూడదు. వెయ్యి రూపాయల పైబడ్డ పుస్తకమో, అరుదైనదో పోతే మాత్రం విచారణ తప్పదు. ఈ నిబంధన కేంద్ర సంస్థలకు సంబంధించింది, ఊళ్లోని శాఖా గ్రంథాలయానికి నేరుగా వర్తించేది కాదు. అయినా అందులోని తర్కం గమనించదగింది. మినహాయింపును బీరువాలో ఉన్న పుస్తకాల సంఖ్య మీద లెక్కగట్టలేదు, తిరిగిన పుస్తకాల సంఖ్య మీద గట్టారు. ఎక్కువ ఇచ్చినవారికే ఎక్కువ పోగొట్టుకునే వెసులుబాటు.

పైగా ఈ పుస్తకాలు ఉచితమూ కావు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు వసూలవుతుంది. పదిహేను వందల పన్ను కట్టే ఇంటివాళ్లు 120 రూపాయలు గ్రంథాలయానికి ఇచ్చినట్టే. అద్దెకున్నవాళ్లు అద్దెలో కలిపి ఇచ్చినట్టే. వసూలైన సెస్సు స్థానిక సంస్థల దగ్గర ఆగిపోయి జిల్లా గ్రంథాలయ సంస్థకు సకాలంలో చేరదన్నది పాత ఫిర్యాదు, అది వేరే కథ. నలభై రూపాయల బొమ్మల పుస్తకానికి డబ్బు ముందే ముట్టిందన్న సంగతి మాత్రం ఆ ఫ్లెక్సీ మీద ‘ఉచితం’ అని చదివిన ఏ తల్లికీ తెలియదు.

నిజానికి పుస్తకాన్ని చదివేవాడి గుమ్మం దాకా మోసుకెళ్లిన చరిత్ర ఈ ప్రాంతానికుంది. 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపించారు. పెదవడ్లపూడి, కొల్లూరు మధ్య రేవు రేవునా ఆగుతూ పుస్తకాలు ఇచ్చి పుచ్చుకునేవారు. నీళ్లలో పుస్తకాలు పడిపోతాయేమోనన్న అనుమానం అప్పట్లో ఎవరికీ రాలేదని అనుకోలేం. వచ్చినా పడవ కదిలింది. అంతకు నాలుగేళ్ల ముందే, 1931లో, ఎస్.ఆర్. రంగనాథన్ తన పంచ సూత్రాల్లో వాడకాన్నే మొదటి సూత్రం చేశారు. ఒకప్పుడు పాశ్చాత్య దేశాల్లో పుస్తకాలను గొలుసులతో అరలకు కట్టేసేవారని కూడా ఆ సందర్భంలోనే గుర్తుచేశారు. గొలుసు పోయి గాజు తలుపు వచ్చింది.

రెండో వారానికి శిబిరం సగానికి సగం పల్చబడింది. ఆ రోజుల్లోనే ఒకనాడు దుమ్ము దులుపుతుంటే విజ్ఞాన సర్వస్వం సంపుటాల వెనక లైబ్రేరియన్‌కు నాలుగు పుస్తకాలు దొరికాయి. రెండు బొమ్మల పుస్తకాలు, ఒక ‘బుడుగు’, ఒక ‘రైలుబడి’. రైలుబడిలో మధ్యన జడ రిబ్బను ముక్క ఉంది. దాచిన పిల్లను పట్టుకోవడం కష్టం కాలేదు. అయిదో తరగతి పిల్ల, ఒక జడకే రిబ్బనుంది.

‘‘ఏమ్మా, ఇక్కడ పెట్టింది నువ్వేనా?’’

‘‘అయిపోలేదు మేడం. రేపు నేనొచ్చేసరికి ఇంకెవరైనా తీసుకుంటారని...’’

నిన్న లెక్క సరిపోయిందనే ఆవిడ నమ్మకం. గాజు తలుపు వెనక నాలుగు తక్కువున్నా కనిపెట్టలేదంటే ఆ లెక్కకు అర్థమేమిటో ఆవిడే ఆలోచించుకోవాలి. ఆ పిల్ల ఆపిన చోటు దాటి కొద్ది దూరం వెళితే ఆ పుస్తకంలోనూ ఒక గ్రంథాలయం ఉంది. టోక్యోలోని ఆ బడికి కొత్తగా వచ్చిన రైలు పెట్టెను గ్రంథాలయంగా మారుస్తారు. ఎవరు ఏ పుస్తకమైనా చదవచ్చని, కావాలంటే ఇంటికి తీసుకెళ్లి చదివాక తెచ్చివ్వమని హెడ్మాస్టరు చెబుతాడు. డిపాజిట్ ప్రస్తావన లేదు. ఆ బడి 1945 బాంబు దాడుల్లో కాలిపోయింది.

మర్నాడు ఆవిడ బజారు నుంచి రెండు వందల పేజీల నోట్‌బుక్ తెప్పించింది. తేదీ, పుస్తకం నంబరు, పిల్లవాడి పేరు, తరగతి, ఇంటి గుర్తు. చిరునామా రుజువు స్థానంలో ‘రామాలయం వెనక, కుట్టుమిషన్ ఇల్లు’, ‘రైస్‌మిల్లు గోడ పక్క’ లాంటివి చేరాయి. నెల జీతం పనుల ఊళ్లో అంతకన్నా కచ్చితమైన చిరునామాలు ఆధార్ కార్డులో కూడా ఉండవు. ఒక్కొక్కరికి ఒక పుస్తకం, మూడు రోజులు. బైండు చేసిన చందమామలు మాత్రం కదలవు. అక్కడ ఆవిడ గట్టిగానే నిలబడింది, మళ్లీ దొరికేవి కావు కనుక అది సబబే.

ఆ తర్వాత శిబిరం తీరు మారింది. వెళ్లిపోయినవాళ్లలో కొందరు క్యారమ్ బోర్డు కోసం కాకుండా పుస్తకం మార్చుకోవడానికి వచ్చి, ఎలాగూ వచ్చాం కదా అని కూర్చున్నారు. కొన్ని పుస్తకాలు పాత న్యూస్‌పేపరు అట్టలు వేసుకుని తిరిగొచ్చాయి. ఒకదాని మీద పప్పు మరక. ఒక పుస్తకాన్ని ఇంట్లో నానమ్మ కూడా చదివిందని, ఇంకో రెండు రోజులు గడువు కావాలని ఒక పిల్లవాడు వచ్చాడు. నానమ్మ పేరు మీద కూడా ఒక వరస రాయాల్సి వచ్చింది.

జూన్ 12న బళ్లు తెరిచారు. ముగింపు రోజున ప్రశంసాపత్రాలు పంచారు, వక్తలు పుస్తకాల గొప్పదనం గురించి చాలాసేపు మాట్లాడారు. నోట్‌బుక్‌లో పద్దులు అయిదు వందలకు చేరాయి. రానివి మూడు. కేంద్రం వారి లెక్క ప్రకారం చూసినా అర పుస్తకం ఎక్కువ. మూడింటిలో ఒకటి బడి తెరిచాక సంచిలో దొరికింది. ఇంకొకటి పోగొట్టిన పిల్లవాడు నిజం చెప్పాడు, ఆవిడ ధర రాసుకుంది కానీ వసూలు చేయలేదు. మూడోది, కుటుంబం పనుల కోసం బెంగళూరు వెళ్లిపోయినప్పుడు వాళ్లతో పాటే వెళ్లింది. దాని ఖరీదు అరవై రూపాయలు. ఆ వరస ఎదుట ఇప్పటికీ ఏమీ రాయలేదు.

నోట్‌బుక్ శిబిరంతో ఆగలేదు. జూలైలో కూడా శుక్రవారం సెలవు మినహా సాయంత్రం నాలుగింటికి తలుపు తీసేసరికి యూనిఫారాల్లో ఆరేడుగురు పిల్లలు మెట్ల మీద ఉంటున్నారు. పోటీ పరీక్షల కుర్రాళ్లు వాళ్లకు దారిచ్చి లోపలికెళ్తున్నారు. బీరువా తాళంచెవి లైబ్రేరియన్ సొరుగులోనే ఉంది. ఆడిట్ వచ్చేది మార్చి తర్వాత.