ఒంపు తిరిగిన కుట్టు

గుడ్డముక్కల్ని తిన్నగా అతికి కుట్టడం వచ్చినవాళ్ళు కూడా గుండ్రటి ముక్కలనేసరికి వెనకడుగు వేస్తారు. "అమ్మో, అది మనవల్ల కాదు" అంటారు. అలా అన్నావిడ తన జాకెట్టు భుజం వైపు ఒక్కసారి చూసుకుంటే చాలు. చెయ్యి ఎక్కించిన చోట ఉన్నది అచ్చంగా ఆ కుట్టే. చేతిముక్క పైఅంచు బయటికి ఉబ్బి ఉంటుంది, చంక గుంట లోపలికి తిరిగి ఉంటుంది. ఎదురెదురు ఒంపుల్ని ముడత పడకుండా కలిపే ఆ పనితనం మన వీధి టైలర్ల చేతుల్లో ఎప్పటినుంచో ఉంది. బొంత దగ్గరికి వచ్చేసరికే ఎక్కువగా చదరాల దగ్గరా త్రికోణాల దగ్గరా ఆగిపోయాం. అది నాకు బాధగా ఉంటుంది.

ఇప్పుడు నా మిషను మీద ఉన్నది అమెరికా ఆడవాళ్ళ పాత నమూనా. ‘డ్రంకర్డ్స్ పాత్’ అంటారు, తాగుబోతు నడిచిన దారి. ఒక చదరం, దాని ఒక మూలన పావు వృత్తం, అంతే. సగం చదరాల్లో లేత రంగు మీద ముదురు, మిగతా సగంలో ముదురు మీద లేత. పదహారింటిని నాలుగేసి వరసలుగా పేర్చి, ఒక్కోదాన్ని ఒక్కో వైపు తిప్పితే దారి మెలికలు తిరుగుతూ పోతుంది. వాటినే ఇంకోలా తిప్పితే ఇంకో నమూనా, దానికి ఇంకో పేరు. ఆరంగుళాల చదరాలు తొంభైఆరు ఉంటే నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు వస్తుంది. చిన్నపిల్లల మంచానికి సరిపోతుంది.

చదరంలోంచి కోసిన పావు వృత్తాన్నే మరో చదరంలో కూర్చవచ్చని చాలామంది అనుకుంటారు. కూర్చలేం. కుట్టు కోసం పావు అంగుళం వదలాలి కదా. ఉబ్బు ముక్కకి ఆ పావు అంగుళం కుట్టు గీతకు బయట, గుంట ముక్కకి గీతకు లోపల పడుతుంది. అందుకే ఉబ్బు ముక్కని గుంట కంటే అరంగుళం పెద్ద వ్యాసార్ధంతో విడిగా కత్తిరించాలి. అప్పుడు రెండు అంచుల్నీ పక్కపక్కన పెడితే ఉబ్బు ముక్క అంచు ముప్పావు అంగుళం పైచిలుకు ఎక్కువ పొడవుంటుంది. భయమంతా అక్కడే పుడుతుంది. కానీ కుట్టు పడే గీత దగ్గర రెండూ సమానమే. ఇంకో మాట, వృత్తం ఎంతదైనా అంచుల మధ్య ఆ తేడా మారదు. నాలుగంగుళాల వ్యాసార్ధానికి కుట్టు ఆరంగుళాలు దాటుతుంది కాబట్టి తేడా అందులో హాయిగా సర్దుకుంటుంది. రెండంగుళాల దానికి కుట్టే మూడంగుళాలు, అంత తేడానూ అక్కడే సర్దాలి. కొత్తవాళ్ళు చిన్న ముక్కలైతే తేలికని వాటితో మొదలుపెడతారు. పెద్దవాటితో మొదలుపెట్టమని నేను గట్టిగా చెబుతాను.

గుడ్డ సంగతికి వస్తే, వాడిన నూలు చీరలంత మెత్తనివి మరేవీ లేవు. కాకపోతే ఒంపు కోసిన చోట అంచు పడుగు వెంటా ఉండదు, పేక వెంటా ఉండదు, ఏటవాలుగా పడుతుంది. టైలర్లు క్రాస్ అనేది దాన్నే. క్రాస్‌లో గుడ్డ సాగుతుంది. ఆ సాగే గుణం వల్లే ఒంపు కుదురుతుంది, చెయ్యి మోటుగా పడితే ఆ గుణం వల్లే పాడవుతుంది. మందు మన వంటింట్లోనే ఉంది. కత్తిరించే ముందు చీరకి చిక్కగా గంజి పెట్టి, ఆరేసి, ఇస్త్రీ చెయ్యాలి. కాగితంలా నిలబడ్డ గుడ్డ మీద సుద్దగీత కూడా స్పష్టంగా పడుతుంది. అచ్చులకి నేను పాత శుభలేఖల అట్టలు వాడతాను. పిల్లల జామెట్రీ పెట్టెలోని కంపాస్ చాలు.

కుట్టేటప్పుడు రెండు ముక్కల్నీ విడివిడిగా మధ్యకి మడిచి, గోటితో గీరి గుర్తు పెట్టుకోవాలి. గుంట అంచుకి కుట్టు గీతను తాకకుండా సన్నటి గాట్లు పెట్టాలి. ఉబ్బు ముక్క కింద, గుంట ముక్క పైన. మధ్య గుర్తులు కలిపి ఒక గుండుసూది, రెండు కొసల దగ్గర రెండు, వాటి నడుమ ఇంకొన్ని. పైగుడ్డ అలలు అలలుగా లేచి నిలబడుతుంది. లేవనివ్వండి. మిషను నెమ్మదిగా తొక్కుతూ, సూది గుడ్డలో దిగి ఉండగా ఆగి, మిషను పాదం ఎత్తి, ముందున్న అలని వేలితో పక్కకి జరిపి, మళ్ళీ పాదం దించాలి. పాదం కింది పళ్ళు అడుగు గుడ్డని కొంచెం కొంచెంగా లోపలికి తోస్తాయి, పొడవైన అంచు కింద ఉండాలన్నది అందుకే. గుడ్డని లాగకూడదు. లాగితే ఆ చదరం ఎప్పటికీ చదునుగా పడుకోదు. కుట్టయ్యాక వెనకనుంచి ఒకసారి, ముందునుంచి ఒకసారి ఇస్త్రీపెట్టె రుద్దకుండా అద్దినట్టు పెట్టి తీస్తే, అంత గందరగోళంగా కనిపించింది కాస్తా నున్నటి విల్లులా తేలుతుంది. నాకు ఈ పనిలో అన్నిటికంటే ఇష్టమైన క్షణం అదే.

ఈ నమూనాని, ముఖ్యంగా నీలం తెలుపుల్లో కుట్టినదాన్ని, అమెరికాలోని మద్యనిషేధ ఉద్యమంతో ముడిపెట్టి చెప్పుకుంటారు. 1874లో క్లీవ్‌లాండ్‌లో ఉమెన్స్ క్రిస్టియన్ టెంపరెన్స్ యూనియన్ ఏర్పడింది. దేశమంతటా ఆడవాళ్ళకి ఓటు హక్కు 1920లో గానీ రాలేదు. ఓటు లేనివాళ్ళు తమ మాటని దుప్పటి మీద కుట్టుకున్నారంటే నేను నమ్ముతాను. మన దగ్గరా, నెల్లూరు జిల్లా దూబగుంటలో, రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. అక్కడ రాజుకున్న ఉద్యమంతో 1993 అక్టోబరు 1న సారా మీద, 1995 జనవరిలో మొత్తం మద్యం మీదే నిషేధం వచ్చింది. రెండేళ్ళు తిరిగేసరికి ఆ నిషేధం సడలిపోయిందనుకోండి. ఆ ఆడవాళ్ళ పేరున మనకొక కుట్టు నమూనా లేకపోవడం లోటే. నా బొంతకి ముదురు రంగుగా వెంకటగిరి నీలిచీర తీసుకున్నది వాళ్ళని తలుచుకునే.

పైపొర తయారయ్యాక మిగతాది మన అమ్మమ్మల పద్ధతే. అడుగున ఒక చీర, మధ్యలో రెండు మూడు పాత పంచెలు, నాలుగు వైపులా పెద్ద పెద్ద కచ్చాకుట్లు. పొరలన్నిటినీ కలిపే సన్నకుట్టుని ఒంపు పక్కనే, దానితో పాటే తిరిగేలా, అరంగుళం ఎడంగా వేసుకుంటూ పోతున్నాను. తిన్నగా అడ్డంగా కొట్టేస్తే పని తొందరగా తెములుతుంది గానీ, అంత కష్టపడి తిప్పిన దారి మీదుగా గీతలు గీసినట్టవుతుంది.

మొదటి ఉతుకు విడిగా, చన్నీళ్ళలో, నీలం దిగుతుందేమో చూసుకుంటూ. పిండకుండా నీడపట్టున ఆరేయాలి. బరువుకి సాగకుండా రెండు తాళ్ళ మీదుగా పరిస్తే మంచిది.