ఏడో నంబరు

కాన్పయ్యాక జుట్టు రాలుతుందనీ, నడుం లాగుతుందనీ చెప్పినవాళ్ళెవరూ పాదం పెరుగుతుందని చెప్పలేదు. గర్భంతో ఉన్నప్పుడు కీళ్ళ పట్టు సడలి, బరువుకి అరికాలి వంపు కాస్త దిగుతుంది. కొందరికి మళ్ళీ లేవదు. నాకు 6 కాస్తా 7 అయింది.

అంతకుముందే మడమ వెనక నరం రెండుసార్లు వాచి పరుగు ఆపించింది. అందుకని ఈసారి షూస్ రంగు చూడలేదు, డ్రాప్ చూశాను. అంటే మడమ కింద ఎత్తుకీ వేళ్ళ కింద ఎత్తుకీ తేడా. 4 మిల్లీమీటర్లయితే పిక్కకీ ఆ నరానికీ పని ఎక్కువ. 10 అయితే అందులో కొంత మోకాలికి పోతుంది. బగ్‌ని ఒక మాడ్యూల్ నుంచి ఇంకోదాన్లోకి తోసినట్టే ఉంది వ్యవహారం! మోకాళ్ళింకా బానే ఉన్నాయి కాబట్టి 10దే తీసుకున్నాను.

"మళ్ళీ పరుగులెందుకే, నడవొచ్చుగా" అంది అమ్మ.

రోజంతా పాపనెత్తుకుని నడుస్తూనే ఉన్నాగా అన్నాను.