టార్చిలైటు బటన్ ఒక్కటే, నొక్కితే ఏమొస్తుందో చూసుకున్నారా?

అన్నలూ, తమ్ముళ్లూ, రాత్రిపూట మడికి నీళ్లు పెట్టేవాళ్లు ఇది కాస్త ఓపిగ్గా చదవండి. ఎరువుల గురించో, రేట్ల గురించో కాదు. చేతిలో పట్టుకుపోయే టార్చిలైటు గురించి.

పోయిన దాళ్వాలో మా నీళ్ల వంతు అర్ధరాత్రి వచ్చింది. మడవ తీద్దామని గట్టు మీద పోతున్నా. లైటు చిన్న వెలుగులో పెట్టుకున్నా. మడవ దగ్గర నల్లగా ఏదో మెరిసింది. సరిగ్గా చూద్దామని బటన్ నొక్కితే, పెద్ద వెలుగు రాలేదు, టపటపా కొట్టుకోవడం మొదలెట్టింది. ఆ మిణుకుల్లోనే తెల్ల కట్లు కనబడ్డాయి. కట్లపాము! కంగారుగా మళ్లీ నొక్కా. ఆరిపోయింది. ఇంకోసారి నొక్కేసరికి పెద్ద వెలుగొచ్చింది గానీ, పాము అక్కడ లేదు. ఎటు పోయిందో తెలీదు. ఎంతసేపు కదలకుండా నిలబడ్డానో నాకే గుర్తులేదు.

తప్పు లైటుది కాదు. పెద్దది, చిన్నది, మిణుకు, ఆఫ్ - దాని వరస అదే. కొన్నాక ఆ వరస నేనే చూసుకోలేదు.

మన నాన్నల కాలం మూడు సెల్లుల లైటుకు స్విచ్చి ముందుకు తోస్తే వెలుగు, వెనక్కి లాగితే చీకటి. ఇప్పటి లైట్లలో చాలావాటికి లోపల చిన్న సర్క్యూటు ఉంటుంది. మనం నొక్కేది దానికి సైగ మాత్రమే. ఎన్నో నొక్కో గుర్తుపెట్టుకుని మోడు మార్చేది అదే. చిన్న వెలుగులో చాలా లైట్లు బల్బును సెకనుకు వందలసార్లు ఆర్పి వెలిగిస్తాయి. కంటికి తెలీదు. ఫోను కెమెరాలో చూడండి, చారలు కదులుతుంటాయి.

చిన్న వెలుగంటే చిన్నచూపు వద్దు. వెలుగు నాలుగో వంతుకు తగ్గినా కంటికి అంత తగ్గినట్టు అనిపించదు, ఛార్జింగు మాత్రం దాదాపు నాలుగింతలు వస్తుంది. పైగా పెద్ద వెలుగు చూసిన కళ్లకు, లైటు పడనిచోట ఏమీ కనబడదు. చీకటికి కళ్లు పూర్తిగా అలవాటుపడాలంటే 20 నిమిషాలకు పైనే పడుతుంది. నడకకు చిన్నది, దూరం చూడ్డానికి పెద్దది. కొన్ని మంచి లైట్లు పెద్ద వెలుగులో కొన్ని నిమిషాలుంటే వాటంతటవే తగ్గుతాయి. అది వేడికి ఎల్‌ఈడీ పాడవకుండా చేసుకున్న ఏర్పాటు. బ్యాటరీ పోయిందని షాపాయనతో గొడవకు దిగకండి (నేను దిగాను).

ఈసారి కొనేటప్పుడు షాపులోనే నొక్కి చూడండి. చిన్నగా నొక్కితే పెద్ద, చిన్న వెలుగులే మారాలి. ఆరాలంటే పట్టుకుని నొక్కాలి. మిణుకు ఆ వరసలో అసలు రాకూడదు, రెండుసార్లు టకటకా నొక్కితేనో ఎలాగో విడిగా రావాలి. చేతికి బురద ఉన్నట్టు అనుకుని, కళ్లు మూసుకుని నొక్కండి. నలుగురు నవ్వితే నవ్వనీయండి.

నేనిప్పుడు అలాంటిదే తెచ్చుకున్నా. పాతది పారెయ్యలేదు, గేదెల కొట్టంలో మేకుకు తగిలించా. పాలు పితికేటప్పుడు అది ఆరిపోయినా గేదె ఏమీ అనుకోదు.