ఘాట్ దిగే ముందు గాలి

సున్నిపెంట ప్రాజెక్టు కాలనీలో రాత్రి పడుకుని, పొద్దున ఆళ్ళగడ్డకు బయలుదేరాం. ఎండాకాలం. కారు వీధి మలుపు తిరిగిందో లేదో డ్యాష్‌బోర్డు మీద టైర్ల గాలి చూపే చిన్న పెట్టె కీచుమంది. తెర మీద వెనక ఎడమ టైరు ఎర్రగా వెలిగింది: 26 పాయింట్లు (పీఎస్‌ఐ). మిగతా మూడూ 32, 33.

స్టీరింగ్ దగ్గర మా మామ. ఏండ్ల తరబడి బేతంచెర్ల నాపరాళ్ళ లారీ తోలిన మనిషి. దిగి చూసి, కాలితో తన్ని, "బాగానే ఉంది కదా అల్లుడా" అన్నాడు. లారీ టైరును రాడ్డుతో కొట్టి ఆ మోతను బట్టే గాలి చెప్పగల చెవి ఆయనది. కానీ కారు రేడియల్ టైరు నిండుగా గాలి ఉన్నా అడుగున కాస్త ఉబ్బినట్టే ఉంటుంది. ఆరేడు పాయింట్లు పోతే కంటికి ఆనదు. వాల్వు మూత తీసి ఆ చోట బిగించిన సెన్సర్, లోపల బిళ్ళంత బ్యాటరీతో, ఆ తేడా పట్టేసింది.

పంక్చర్ షాపులో సబ్బునీళ్ళు పోస్తే సన్నని బుడగలు. పట్టకారుతో లాగితే ఇనప తీగ ముక్క వచ్చింది. పేలిన లారీ టైర్లు రోడ్డు మీద రాల్చిపోయేవి ఇవే.

ఆ టైరుతోనే దోర్నాల ఘాట్ దిగి ఉంటే? గాలి తగ్గిన టైరు పక్కలు మడతపడుతూ తిరుగుతాయి, వేడెక్కుతాయి, చివరికి పేలుతాయి. నల్లమల పులుల అడవి అది. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా బండ్లను వదలరు. చాలాచోట్ల ఫోన్ పలకదు, మలుపుల్లో జాకీ పెట్టే జాగా దొరకదు. వెనక సీట్లో అమ్మ, పిల్లలు. గాలి కొలిచే సెన్సర్లు, రిపేరు కిట్టు ఉన్న ట్యూబ్‌లెస్ కార్లకు స్టెప్నీ అక్కర్లేదని కేంద్రం 2020లో నిబంధన మార్చింది. నల్లమలకు వెళ్ళే బండిలోంచి నేనైతే స్టెప్నీ దించను.

పంక్చర్ వేయించి, గాలి పట్టించుకుని బయలుదేరాం. ఆత్మకూరు దాటాక ఎండ మండింది. నాలుగు అంకెలూ 37, 38కి ఎక్కాయి. "కొంచెం వదుల్దామా?" అని మామ బండి పక్కకు తీయబోయాడు. వద్దన్నాను. కంపెనీ చెప్పే కొలత చల్లని టైరుకు. పది డిగ్రీల వేడికి సుమారు ఒకటిన్నర పాయింట్లు పెరగడం సహజం. ఇప్పుడు వదిలితే రేపు పొద్దునకు తక్కువైపోతుంది. ఆయన ఒప్పుకున్నాడు గానీ, నంద్యాల దాకా రోడ్డు మీద ఒక కన్ను, తెర మీద ఒక కన్ను.

ఆళ్ళగడ్డలో దిగుతూనే అడిగాడు: "లారీకీ దొరుకుతాయా ఇవి?"

దొరుకుతాయి. లారీ టైర్లలో వంద పాయింట్లు దాటి గాలి పడుతుంది కాబట్టి అంత కొలవగలవే తీసుకోవాలి. వెనక జంట టైర్లలో లోపలిదాని వాల్వుకు పొడుగు గొట్టం వేయించాలి. మామ ఇవన్నీ రెండుసార్లు చెప్పించుకుని, లారీ ఓనరుకు ఫోన్ చేశాడు.