ఫ్రిజ్ లేకుండ సల్లటి కల్లు

అన్నలారా, మొన్న మా మేనల్లుడు హైదరాబాద్ నుంచి వచ్చి ఫోన్ల ఒక వీడియో చూపించిండు. అమెరికాల ఒకాయన ఇంట్లనే బీరు తయారు చేసి, పాత ఫ్రిజ్ తలుపుకు నల్లా బిగించి గ్లాసులకు పట్టుకుంటున్నడు. "మామా, మనం గూడ పెడదామా?" అన్నడు. అక్కడ సొంతానికి బీరు చేసుకోవచ్చని 1978లనే చట్టం తెచ్చిన్రు. మన దగ్గర లైసెన్సు లేకుండ చేస్తే ఎక్సైజోళ్లు ఇంటికొస్తరు. అయినా కేతేపల్లిల ఉండి ఆ తిప్పలెందుకురా, మన బీరు తాటిచెట్టు మీదనే తయారైతది అన్న.

నవ్వులాటకు చెప్తలేను. తాటి నీరల నూటికి పది పాళ్లకు అటుఇటు చక్కెర ఉంటది. లొట్టిల బొట్టు పడ్డప్పటి నుంచే ఈస్టు పని మొదలుపెడతది. కొన్ని గంటలల్లనే బీరంత కిక్కు, బీరసొంటి నురుగు. ఖర్చు లేదు, కాచుడు లేదు. కష్టమంత సల్లగ ఉంచుడు కాడనే. పొద్దుగాల గౌడన్న దించిన కల్లు తియ్యగుంటది. ఏప్రిల్ ఎండకు పగటీలికల్ల పులుస్తది, తెల్లారితే సిర్కానే.

ఇదేం పెద్ద ముచ్చటా అంటరేమో. మా చిన్నాయన పగటీలి ఆ పులిసిన కల్లు తాగలేక, ఐసు వేసి సల్లగ ఇస్తరని ఒక దుకాణానికి పోవుడు మొదలుపెట్టిండు. అది మందు కల్లు. అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ అసొంటివి కలుపుతరు. ఒకసారి చుట్టాలింటికి పోయి నాలుగు రోజులు అది దొరకకపోయేసరికి చేతులు వణికినయి, మనుషులను గుర్తుపట్టలే, ఫిట్స్ వచ్చినయి. దవాఖాన్ల డాక్టరు చెప్పిన మాట మీరు కూడా యాదిపెట్టుకోండి: దానికి అలవాటైన మనిషిని ఒక్కపారే ఆపొద్దు, ప్రాణం మీదికొస్తది, డాక్టరు చేతిల మెల్లగ తగ్గించాలె. అప్పటి నుంచి మా ఇంట్ల తాగేటోళ్లు చెట్టు కాడి కల్లే తాగాలె, ఇంట్లనే తాగాలె అనుకున్నం.

ముందుగాల నేను తెలివి తక్కువ పని చేసిన. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ బాటిల్ నిండ కల్లు పోసి, మూత గట్టిగ బిగించి ఫ్రిజ్‌ల పెట్టిన. సల్లగుంటే పులుసుడు నెమ్మదైతది గని ఆగదు. రాత్రి కరెంటు పోయింది. తెల్లారి చూస్తే మూత ఎగిరిపోయి ఫ్రిజంత కల్లే. నెయ్యి, పాలు, ఆఖరికి పిండి గూడ వాసన. మా ఇంటామె రెండు రోజులు మాట్లాడలే. అదే గాజు సీసా అయితే ఎవరి కన్నో పోయేది. మూత ఎప్పుడైనా వదులుగనే ఉండాలె.

ఇప్పుడు చేసేది చెప్త. రంగు వెయ్యని పెద్ద మట్టికుండ, 250కి కొన్న. ఒక రోజంత నీళ్లల్ల నాననిచ్చిన. అడుగున ఇసుక, నడుమ మూతున్న స్టీలు క్యాను, సుట్టూ మళ్ల ఇసుక. ఇల్లు కట్టంగ మిగిలిన ఇసుకే. దాన్ని నీళ్లతో తడిపి, కుండ సుట్టూ వడ్ల గన్నీ సంచి తడిపి కప్పిన. యాపచెట్టు కింద, గాలి తగిలేకాడ పెట్టాలె, అర్రల పెడితే పని చెయ్యదు. కుండ గోడల నుంచి నీళ్లు ఊరి ఆవిరయితుంటే లోపలి వేడి గుంజుకపోతది. నైజీరియాల మహమ్మద్ బా అబ్బా అనే సారు 1990లల్ల ఇట్లనే రెండు కుండలు, తడి ఇసుకతోని కూరగాయలు చెడకుండ చూపెట్టి ప్రపంచంల పేరు తెచ్చుకున్నడు.

క్యాను ఎందుకంటే, మట్టికుండ కల్లును గుంజుకుంటది, ఎంత కడిగినా నిన్నటి పులుపు పోదు. క్యానునయితే ఉడుకు నీళ్లతోని కడిగి ఎండల బోర్లించొచ్చు.

ఫ్రిజంత సల్లగ కాదు, అబద్ధమెందుకు. ఎండకాలంల బావి నీళ్లంత సల్లగయితది, పగటీలి అన్నం యాళ్ల దాకా తియ్యదనం నిలుస్తది. వానకాలం గాలిలనే తేమ ఉంటది గనుక అంత పని చెయ్యదు. చుట్టాలొచ్చిన్నాడు ఐసు కొంటం గని కల్లుల వెయ్యం, నీళ్ల కల్లయితది. తొట్టిల ఐసునీళ్లు పోసి క్యాను దించుతం.

చిన్నాయన ఇప్పుడు కల్లు ముట్టడు. పొద్దున, పగటీలి సంచి మీద నీళ్లు సల్లే పని మాత్రం ఆయనదే, ఇంకెవర్నీ సల్లనియ్యడు. గౌడన్న వస్తే ముంజలడుగుతడు.