చుక్కాని గాల్లోనా, నీళ్లలోనా?

దసరా సెలవులకి మా చిన్నాడు బాపట్ల హాస్టల్ నుంచి మాసిన బట్టలతో పాటు రెండడుగుల థర్మాకోల్ పడవ కూడా తెచ్చాడు. రిమోట్‌తో నడిచే ఎయిర్‌బోట్. దీని ఫ్యాను నీళ్లలో ఉండదు, వెనక గాల్లో తిరుగుతుంది. అందుకే గుర్రపుడెక్క చుట్టుకోదు. మన తెనాలి కాలవలకి అచ్చంగా సరిపోతుంది కదూ!

ఫ్యాను వెనక తలుపురెక్కలాంటి పొడుగాటి చుక్కాని. ఫ్యాను గాలి దానికి తగిలి పడవ తోక పక్కకి జరుగుతుంది.

"మరి ఫ్యాను ఆపేస్తే?" అన్నాను.

"అప్పుడు తిరగదమ్మా. తిరగాలంటే స్పీడు ఉండాలి" అన్నాడు తేలిగ్గా.

నాకు గుండె గుభేలుమంది. అడ్డంగా ఎవరన్నా వస్తే మనం ముందు చేసే పని ఆపడమేగా? ఆపామా, అది ఉన్న ఊపుకి తిన్నగా పోతుంది. మా రేవులో సాయంత్రాలు పిల్లలు మొలలోతు నీళ్లలో ఆడుకుంటారు. ఆ ఫ్యాను రెక్క పసివేలికి తగిలితే ఇంకేమన్నా ఉందా!

"ఈ కాలవలో వదలడానికి వీల్లేదు" అన్నాను. వాడు మూతి ముడుచుకున్నాడు. వాళ్ల నాన్నగారు పేపరు అడ్డం పెట్టుకున్నారు.

మర్నాడు రేపల్లె నుంచి మా తమ్ముడొచ్చాడు. వంతెన పడకముందు పెనుమూడి రేవులో పడవలు చూస్తూ పెరిగినవాళ్లం మేం.

"నీళ్లలో పోయేదానికి చుక్కాని నీళ్లలో పెట్టరా అల్లుడూ" అన్నాడు.

"నాచు పట్టుకుంటుంది మావయ్యా, స్పీడు చస్తుంది."

ఇద్దరూ పప్పుచారు చల్లారిపోయేదాకా వాదించుకున్నారు. రెండు మోటార్లు పెట్టి, ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ తిప్పి మలుపు తిప్పొచ్చట. బరువు, ఖర్చు అని వాడే కొట్టేశాడు. (సంస్కృతంలో కర్ణమంటే చెవే కాదు, చుక్కాని కూడా. కర్ణధారుడు అక్కణ్ణించే వచ్చాడు. చెబితే ఎవరూ వినలేదు.)

చివరికి కుదిరింది ఇదీ. పొడుగు రెక్కని గాలి పైన తోస్తే వేగంలో పడవ ఒరిగిపోతుంది కాబట్టి, దాని బదులు పక్కపక్కన రెండు పొట్టి రెక్కలు, ఒకే కడ్డీతో కలిపి. అడుగున బుల్లి నీటి చుక్కాని, మడతబందు మీద, రబ్బరుబ్యాండుతో. నాచు తగిలితే పైకి లేస్తుంది, దాటగానే దిగుతుంది. ఫ్యాను చుట్టూ తీగతో గూడు, అది నా షరతు.

రేపల్లె దగ్గర ఖాళీగా ఉన్న చేపల చెరువులో వదిలారు. "స్పీడు తగ్గిందమ్మా" అని వాడి గొణుగుడు.

"ఫ్యాను ఆపి తిప్పు" అన్నాను.

ఆపాడు. గట్టు ఇంకా రెండు బారలుందనగా పడవ మెల్లగా పక్కకి తిరిగింది. మా తమ్ముడు మీసం దువ్వుకున్నాడు. చిన్నాడు నావైపు చూశాడు.

తెనాలి కాలవకి మాత్రం నేనింకా ఒప్పుకోలేదు.