చెవులున్న తంగేడు

బతుకుతెరువు కోసం తెలంగాణ జిల్లాల నుండి సూరత్‌కు తరలివెళ్లిన నేతకుటుంబాలు అనేకం అక్కడి మరమగ్గాల నడుమ స్థిరపడినాయి. లింబాయత్ వంటి పేటలలో తెలుగు మాట నేటికీ వినిపిస్తుంది. నవరాత్రులకు నగరమంతా గర్బా నృత్యాలకు సిద్ధమవుతుండగా, ఈ ఇళ్లలో బతుకమ్మకు పూల వెదుకులాట మొదలవుతుంది. ఎన్ని పూలున్నా తంగేడు లేనిదే బతుకమ్మ నిండదు.

అటువంటి ఒక ఇంట మనుమరాలు ఒడినిండా పసుపుపచ్చని పూలరెమ్మలు తెచ్చి వృద్ధురాలి ముందు పోసింది. చూపు మందగించిన ఆమె పూలవైపు చూడలేదు. ఆకుకాడ మొదట వేలితో తడిమి, ఆకును నలిపి వాసన చూసి, "ఇది తంగేడు గాదు బిడ్డా, కసింద" అన్నది.

"రెండూ పచ్చగనే ఉంటయి గద, నాయనమ్మా!" అని అమ్మాయి చిన్నబుచ్చుకున్నది.

"తంగేటికి చెవులుంటయి" అన్నది ఆమె.

ఆ మాటకు వృక్షశాస్త్రం సాక్ష్యమిస్తుంది. 1753లో లిన్నేయస్ ఈ పొదకు 'కాసియా ఆరిక్యులేటా' అని పేరు పెట్టినాడు. నేడు దీనిని 'సెన్నా ఆరిక్యులేటా'గా వ్యవహరిస్తున్నారు. ఆరిక్యులేటా అనగా లాటిన్ భాషలో చెవులు గలదని అర్థం. ఆకుకాడ మొదట ఇరువైపులా చెవుల వలె వెడల్పుగా, రాలిపోక నిలిచి ఉండే పత్రపుచ్ఛాలే ఆ చెవులు. కసివిందలో అవి చిన్నవై త్వరగా రాలిపోతాయి. తంగేటి ఆకులో సాధారణంగా 8 నుండి 12 జతల మొద్దుకొనల పత్రకాలు, ప్రతి జత నడుమ ఒక సన్నని గ్రంథి ఉంటాయి. కసివిందకు 3 నుండి 5 జతల మొనదేలిన పత్రకాలు, కాడ మొదట ఒకే ఒక గ్రంథి, నలిపితే దుర్వాసన. తంగేటి కాయ కాగితం వలె పలుచగా, చదునుగా ఉంటుంది. పూలు మాత్రం రెండింటికీ ఐదేసి పసుపు రేకులతోనే విచ్చుకుంటాయి. కనుకనే కన్ను మోసపోతుంది.

గుజరాతీలు 'ఆవళ్' అని పిలిచే ఈ పొద బెరడుతో పూర్వం తోళ్లు పదును చేసేవారు. తెలంగాణ ప్రభుత్వం 2014లో దీనిని రాష్ట్ర పుష్పంగా ప్రకటించింది. సూరత్‌లోని ఆ వృద్ధురాలికి మాత్రం అది ఎన్నడో విడిచివచ్చిన ఊరి గట్టు మీది చెట్టు. తన వేళ్లకు తెలిసినది తనతోనే ముగిసిపోతుందేమోనన్నదే ఆమె దిగులు.

మరునాడు మనుమరాలు మళ్లీ వెళ్లింది. ఊరి వెలుపల బీడునేలలో పసుపుపూల పొద కనిపించగానే రెమ్మ విరువలేదు. ముందుగా వంగి, ఆకుకాడ మొదలు చూసింది. సాయంత్రం నాయనమ్మ చేతిలో ఒకే ఒక రెమ్మ పెట్టి, ఏమీ చెప్పక నిలుచున్నది. ఆమె తడిమి చూసి, పళ్లెం తెమ్మన్నది.